మోడల్ కారుకు ఏ ఫ్రీక్వెన్సీ, ఎలాంటి ట్రాన్స్‌మిటర్?

మీ దగ్గర ఉన్నది 1/10 స్కేలు పాత ఎలక్ట్రిక్ కారు, దానితో పాటే వచ్చిన 27 మెగాహెర్ట్జ్ ఏఎం రేడియో సెట్, అంటే చేతిలోని ట్రాన్స్‌మిటర్, కారులోని రిసీవర్. మీ మిత్రుడి కారు పక్కన నడుస్తున్నప్పుడు రెండూ అదుపు తప్పుతున్నాయని, తెలిసినవారు ఒకరు 72 మెగాహెర్ట్జ్ మోడల్ విమాన సెట్ తక్కువకు ఇస్తామంటున్నారని రాశారు. ఆ సెట్ తీసుకోవాలా, ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్స్ మార్చుకుని సరిపెట్టుకోవాలా, లేక 2.4 గిగాహెర్ట్జ్ సెట్ కొనాలా, కొంటే ఎలాంటిది కొనాలి అన్నది మీ ప్రశ్న. రిసీవర్ యాంటెనా తీగను కొంచెం కత్తిరించవచ్చా అని కూడా అడిగారు.

ముందుగా క్లుప్తంగా చెబుతాను. విమాన సెట్ తీసుకోకండి, 2.4 గిగాహెర్ట్జ్ సెట్టే కొనండి. అయితే ఈ రోజుల్లో ఫ్రీక్వెన్సీని ఎంచుకోవడం చాలా సులువైన పని. కొత్త సెట్ కొన్న తరువాత కూడా చాలామంది ఇబ్బంది పడేది రిసీవర్‌కు కరెంటు అందించే తీరులో, ఒక సంస్థ రిసీవర్లు మరో సంస్థ ట్రాన్స్‌మిటర్‌తో కలవకపోవడంలో, సంకేతం పోయినప్పుడు కారును ఆపే ఫెయిల్‌సేఫ్‌ను పట్టించుకోకపోవడంలో. అందుకే వాటి గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాను.

మీ రెండు కార్లు ఎందుకు కొట్టుకుంటున్నాయో చూద్దాం. 27 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మోడళ్ల కోసం వాడుకలో ఉన్న స్థానాలు ఆరు. గోధుమ రంగు 26.995, ఎరుపు 27.045, నారింజ 27.095, పసుపు 27.145, ఆకుపచ్చ 27.195, ఆ తరువాత నీలం, ఇది చాలాచోట్ల 27.255. మొదటి స్థానానికీ చివరి స్థానానికీ మధ్య దూరం 260 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందులోనూ ఈ స్థానాలన్నీ సిటిజన్స్ బ్యాండ్ వాకీటాకీలు వాడే 26.965 నుంచి 27.405 మెగాహెర్ట్జ్ పరిధిలోనే ఇరుక్కుని ఉన్నాయి. బొమ్మ కార్లలో చాలావాటికి పసుపు స్థానమైన 27.145నే వాడారు కాబట్టి, పక్క ఇంటి పిల్లల బొమ్మ కూడా మీ కారును తిప్పేయగలదు. ఒకే స్థానంలో రెండు ట్రాన్స్‌మిటర్లు పనిచేస్తుంటే రిసీవర్‌కు ఏది తన యజమాని సంకేతమో తెలుసుకునే మార్గం ఏమీ లేదు, ఏది బలంగా వినిపిస్తే దాన్నే పాటిస్తుంది. పాత క్లబ్బుల్లో బోర్డు మీద ఆయా రంగుల క్లిప్పులు తగిలించి, ఎవరి చేతిలో క్లిప్పు ఉంటే వారే ఆ రంగు సెట్‌ను ఆన్ చేయాలన్న నియమం పెట్టింది ఇందుకే.

పాత సెట్‌నే కొనసాగించాలనుకుంటే మీ ఇద్దరిలో ఒకరు క్రిస్టల్స్ మార్చుకుంటే చాలు, కానీ అందులో కొన్ని జాగ్రత్తలున్నాయి. క్రిస్టల్స్ ఎప్పుడూ జంటగా ఉంటాయి, ఒకటి ట్రాన్స్‌మిటర్‌కు, ఒకటి రిసీవర్‌కు. ఒకే రంగు జంటలోనైనా రెంటి మీద ముద్రించిన అంకెలు వేరు. ఎరుపు జంటలో ట్రాన్స్‌మిటర్ క్రిస్టల్ మీద 27.045 అని ఉంటే, రిసీవర్ క్రిస్టల్ మీద సాధారణంగా 26.590 అని ఉంటుంది. రిసీవర్ లోపల సంకేతాన్ని 455 కిలోహెర్ట్జ్‌కు దించి వాడుతుంది కాబట్టి ఆ తేడా ఉండి తీరాలి. ఈ రెండూ తారుమారైతే కారు కదలకపోవడంతో ఆగదు, ట్రాన్స్‌మిటర్ తనకు చెందని ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేస్తుంది. ఏఎం సెట్ క్రిస్టల్‌ను ఎఫ్‌ఎం సెట్‌లో పెట్టకూడదు, సంకేతాన్ని రెండు దశల్లో దించే డ్యూయల్ కన్వర్షన్ రిసీవర్‌కు దాని కోసమే చేసిన క్రిస్టల్ కావాలి. రంగులు కూడా పక్కపక్కనే ఉన్నవి కాకుండా ఎడంగా ఉన్నవి ఎంచుకోండి, పాత ఏఎం రిసీవర్లకు పక్క స్థానాన్ని పూర్తిగా వదిలేసే నేర్పు తక్కువ. ఆ తరువాత మోటారును కూడా చూడండి. బ్రష్డ్ మోటారు బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వలు ఏఎం రిసీవర్‌ను వణికిస్తాయి. 104 అని రాసి ఉన్న, అంటే 0.1 మైక్రోఫారడ్ విలువ గల చిన్న సిరామిక్ కెపాసిటర్లు మూడు మోటారుకు టంకం వేసి ఉండాలి: రెండు టెర్మినల్స్ మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు లోహపు డబ్బాకు ఒక్కొక్కటి. మీ మిత్రుడి ట్రాన్స్‌మిటర్ ఆపేసి ఉన్నప్పుడు కూడా, గ్యాస్ ఇస్తే, అంటే వేగం పెంచితే, స్టీరింగ్ వణుకుతోందంటే తప్పు ఫ్రీక్వెన్సీది కాదు, ఈ కెపాసిటర్లలో ఏదో ఊడిపోయి ఉంటుంది.

ఇక విమాన సెట్ సంగతి. అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను మోడల్ విమానాలకే కేటాయించారు, నేల మీద, నీటి మీద నడిచే మోడళ్లకు 75 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 30 ఛానెళ్లు ఇచ్చారు. బ్రిటన్‌లో విమానాలకు 35 మెగాహెర్ట్జ్, కార్లకు, పడవలకు 40 మెగాహెర్ట్జ్. ఇలా వేరు చేయడం కాగితం మీది లాంఛనం కాదు. నేల మీద ఉన్న మీరు ఆ ఛానెల్‌లో ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే, కొంత దూరంలో అదే ఛానెల్‌లో ఎగురుతున్న విమానం అదుపు తప్పి మనుషుల మీద పడవచ్చు. కారు సంకేతం కోల్పోతే గోడకు గుద్దుకుంటుంది, విమానం అలా కాదు. మీరు ఉన్న దేశంలో కేటాయింపులు వేరుగా ఉన్నా సరే, విమాన బ్యాండ్ సెట్‌ను కారుకు వాడవద్దనే నా మాట. ఎంత తక్కువకు ఇచ్చినా అది మీకు ఉపయోగపడే వస్తువు కాదు.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఈ చిక్కులన్నిటినీ ఎలా తీర్చిందో తెలిస్తే దాని పరిమితులు కూడా అర్థమవుతాయి. ఈ బ్యాండ్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. అంటే వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్, మన ఆరు రంగులు పంచుకునే జాగాకు మూడు వందల రెట్లకు పైగా. ఈ స్థలంలో ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ముందే కుదుర్చుకున్న వరుసలో సెకనుకు ఎన్నోసార్లు ఒక ఫ్రీక్వెన్సీ నుంచి మరో ఫ్రీక్వెన్సీకి మారుతూ ఉంటాయి. దీన్నే ఫ్రీక్వెన్సీ హాపింగ్ అంటారు. ఏదో ఒక క్షణంలో ఇంకొకరి సంకేతం అడ్డొచ్చినా, ఆ ఒక్క ప్యాకెట్ పోతుంది, తరువాతిది వేరే చోట అందుతుంది. దీనికి తోడు ప్రతి ట్రాన్స్‌మిటర్‌కు తనదైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. బైండింగ్ చేసేటప్పుడు, అంటే రెంటినీ జతపరిచేటప్పుడు, రిసీవర్ ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుని, ఆ తరువాత వేరే ట్రాన్స్‌మిటర్ ఏం చెప్పినా వినదు. కాబట్టి ఒకే ట్రాక్ మీద ఎన్నో కార్లు క్లిప్పులు, రంగులు అన్న ఆలోచన లేకుండా నడుస్తాయి. వైఫై కూడా ఇదే బ్యాండ్‌లో ఉన్నదే అని కొందరు సందేహిస్తారు. వైఫై ఒక్కో ఛానెల్ సుమారు 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది, హాపింగ్ చేసే సెట్ మిగిలిన చోట్ల పని కానిస్తుంది. కారు నడిపే దూరాలకు ఇది సమస్య కాదు.

దూరం గురించి కూడా ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. వంద మీటర్లు దాటితే 1/10 స్కేలు కారు ముఖం ఎటు ఉందో మీ కంటికే ఆనదు. అయితే ఈ ఫ్రీక్వెన్సీలో తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లే కాబట్టి సంకేతం అడ్డంకులను చుట్టి రావడంలో 27 మెగాహెర్ట్జ్ అంత ఉదారంగా ఉండదు. తడి గడ్డి, మనుషుల గుంపు, నేలకు ఆనుకుని ఉన్న యాంటెనా, ఈ మూడూ కలిస్తే దూరం బాగా తగ్గుతుంది. ట్రాక్‌ల దగ్గర డ్రైవర్లు ఎత్తయిన వేదిక మీద నిలబడేది కారు కనబడడానికే అయినా, సంకేతానికి కూడా అది మేలు చేస్తుంది.

ఇప్పుడు మీ కారులో సెట్ మార్చే పని. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, పాత కార్లు ఉన్నవారందరూ తెలుసుకోవలసినది. మీ కారులో ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ ఉందా, లేక సర్వో (రిసీవర్ ఆదేశం మేరకు ఒక మీటను తిప్పే చిన్న మోటారు పెట్టె) తిప్పే యాంత్రిక స్పీడ్ కంట్రోలర్ ఉందా చూడండి. యాంత్రికమైనది ఉన్న కార్లలో చాలావాటికి 7.2 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా రిసీవర్‌కే తీగ వెళ్తుంది, ఎందుకంటే వోల్టేజీని తగ్గించే బీఈసీ ఆ పాత రిసీవర్ లోపలే ఉంటుంది. కొత్త 2.4 రిసీవర్లలో అది సాధారణంగా ఉండదు. పాత తీగను తీసి కొత్త రిసీవర్ బ్యాటరీ స్థానంలో గుచ్చితే, పూర్తిగా ఛార్జ్ అయిన ప్యాక్ 8 వోల్టులు దాటి ఉంటుంది కాబట్టి, రిసీవర్‌తో పాటు స్టీరింగ్ సర్వో కూడా ఆ నిమిషంలోనే కాలిపోవచ్చు. అలాంటి కారులో 5 లేదా 6 వోల్టులు ఇచ్చే విడి బీఈసీని బ్యాటరీకీ రిసీవర్‌కూ మధ్య పెట్టాలి. స్పీడ్ కంట్రోలర్ ఎలక్ట్రానిక్‌దే అయితే బీఈసీ దానిలోనే ఉంటుంది, దాని ప్లగ్‌ను రెండో ఛానెల్‌లో గుచ్చితే సరిపోతుంది. ప్లగ్గులను కూడా ఒకసారి గమనించండి. ఇప్పటి ప్లగ్గుల్లో ప్లస్ మధ్య పిన్నులో ఉంటుంది, అందుకే తిరగేసి గుచ్చినా ఏమీ కాలదు. కానీ పాత సర్వోల్లో కొన్నిటికి, ముఖ్యంగా పాత సాన్వా వాటికి, ప్లస్ అంచున ఉంటుంది. అవి కొత్త రిసీవర్‌లో చక్కగా దూరతాయి, ఆ తరువాత పొగ వస్తుంది. తీగల రంగులు చూసి, అవసరమైతే ప్లగ్‌లోని పిన్నులను సన్నటి సూదితో జరిపి సరిచేసుకోవాలి.

2.4కు మారినవారు తరచుగా చెప్పే ఫిర్యాదు ఇంకొకటి ఉంది. గ్యాస్ గట్టిగా ఇస్తూ మలుపు తిప్పగానే కారు ఒక క్షణం చచ్చిపోయి మళ్లీ లేస్తుంది. అది సిగ్నల్ సమస్య అని యాంటెనాను, ట్రాన్స్‌మిటర్‌ను అనుమానిస్తారు. నా అనుభవంలో చాలావరకు అది కరెంటు సమస్యే. బలమైన సర్వో ఒక్కసారిగా తిరిగినప్పుడు కొన్ని ఆంపియర్లు లాగుతుంది, చిన్న బీఈసీ అంత ఇవ్వలేక వోల్టేజీ కూలిపోతుంది. పాత ఏఎం రిసీవర్ ఆ సమయంలో కాస్త తడబడి ఊరుకునేది. 2.4 రిసీవర్‌లో మైక్రోప్రాసెసర్ ఉంటుంది, వోల్టేజీ దాని కనీస మట్టం కన్నా దిగితే అది మళ్లీ మొదటి నుంచి మొదలై ట్రాన్స్‌మిటర్‌ను వెతుక్కోవాలి. పరీక్ష సులభం: కారును పెట్టె మీద నిలిపి చక్రాలు గాలిలో ఉంచి, స్టీరింగ్‌ను అటూ ఇటూ వేగంగా తిప్పుతూ రిసీవర్ మీది దీపాన్ని చూడండి. దీపం ఆరిపోయినా, మినుకుమన్నా కారణం దొరికినట్టే. ఖాళీగా ఉన్న ఛానెల్‌లో గుచ్చే పెద్ద కెపాసిటర్ చిన్న లోటును కప్పుతుంది, అసలు మందు మాత్రం తగినంత కరెంటు ఇచ్చే బీఈసీయే.

ట్రాన్స్‌మిటర్‌ను ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది దాని తెర కాదు, దానికి దొరికే రిసీవర్లు. 2.4 గిగాహెర్ట్జ్ అన్నది అందరికీ ఉమ్మడి బ్యాండే గానీ, అందులో మాట్లాడే పద్ధతి సంస్థకొకటి. ఫుటాబాలో టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, సాన్వాలో ఎఫ్‌హెచ్4, ఎఫ్‌హెచ్5, స్పెక్ట్రమ్ కార్ల సెట్లలో డీఎస్‌ఎంఆర్, ఫ్లైస్కైలో ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 3. ఒకదాని రిసీవర్ మరొకదానితో కలవదు. ఒకే సంస్థ పేరు ఉన్నంత మాత్రాన కూడా కలుస్తుందని నమ్మకూడదు, స్పెక్ట్రమ్ విమాన రిసీవర్, కారు ట్రాన్స్‌మిటర్ రెండూ ఒకే ముద్రతో ఉన్నా వాటి పద్ధతులు వేరు. ఈ అభిరుచిలోకి వచ్చినవారు ఒక్క కారుతో ఆగడం అరుదు. రెండో కారు, మూడో కారు వచ్చినప్పుడు ప్రతిసారీ కొత్త ట్రాన్స్‌మిటర్ కొనకుండా, ఒక రిసీవర్ మాత్రం కొని ట్రాన్స్‌మిటర్ మెమరీలో ఇంకో కారు పేరు చేర్చుకోవడమే లాభం. కాబట్టి ట్రాన్స్‌మిటర్ ధరను, దాని విడి రిసీవర్ ధరను కలిపి చూడండి, ఆ రిసీవర్లు మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయా కనుక్కోండి. మీ మిత్రుడు, మీరు ఒకే రకం తీసుకుంటే అవసరానికి ఒకరి రిసీవర్ మరొకరికి పనికొస్తుంది.

ఆ తరువాత చేతికి అమరడం. చక్రం, ట్రిగ్గర్ ఉన్న పిస్తోలు ఆకారమే ఇప్పుడు కార్లకు ఎక్కువ, రెండు స్టిక్కుల సెట్ మీద చేయి తిరిగినవారు దానితోనూ బాగా నడుపుతారు. కొనే ముందు వీలైతే కాసేపు పట్టుకుని చూడండి. ట్రిగ్గర్ మీద వేలు వంచకుండానే ఆనాలి, చక్రం వదిలినప్పుడు మధ్యకు ఖచ్చితంగా వచ్చి నిలవాలి. ఎడమచేతి వాటం వారికి చక్రాన్ని అవతలి వైపుకు మార్చుకునే సెట్లు ఉన్నాయి, అవి కావాలంటే ముందే చూసుకోవాలి.

సదుపాయాల విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ట్రిమ్ (మధ్య స్థానాన్ని సరిచేయడం), రివర్స్ (సర్వో తిరిగే దిశను మార్చడం), ఎండ్ పాయింట్ సర్దుబాటు (సర్వో ఎంతవరకు తిరగాలో హద్దు పెట్టడం), డ్యూయల్ రేట్ (స్టీరింగ్ తిరిగే మేరను తగ్గించుకోవడం), ఎక్స్‌పొనెన్షియల్ (మధ్య దగ్గర స్పందనను మెత్తబరచడం), కనీసం కొన్ని కార్ల మెమరీ, సెట్ చేసుకోగల ఫెయిల్‌సేఫ్, ఇవి లేని సెట్ కొనకండి. టెలిమెట్రీ (కారు నుంచి వోల్టేజీ లాంటి వివరాలు ట్రాన్స్‌మిటర్‌కు రావడం), రంగుల తెర ఉంటే మంచిదే, వాటి కోసమని ఎక్కువ పెట్టనవసరం లేదు. వీటిలో ఎండ్ పాయింట్ విలువ కొత్తవారికి వెంటనే తెలియదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక వైపు తిప్పి పట్టుకుని చెవి దగ్గర పెట్టి వినండి. సర్వో సన్నగా గుయ్‌మని మూలుగుతుంటే, చక్రాలు తమ హద్దుకు తగిలినా అది ఇంకా నెడుతోందని అర్థం. ఆ వైపు ఎండ్ పాయింట్‌ను రెండు మూడు శాతం చొప్పున తగ్గిస్తూ, మూలుగు ఆగిన చోట వదిలేయండి. రెండో వైపు విలువ సాధారణంగా వేరుగా వస్తుంది, అది సహజమే. ఇలా చేస్తే సర్వో గేర్లు మిగులుతాయి, పైన చెప్పిన వోల్టేజీ కూలడం కూడా తగ్గుతుంది.

ఛానెళ్లు రెండు ఉంటే మామూలు కారుకు చాలు. మూడోది లైట్లకో, గేరు మార్చడానికో, డిఫరెన్షియల్ లాక్‌కో పనికొస్తుంది. రాళ్ల మీద పాకే క్రాలర్లు, వించ్ ఉన్న ట్రక్కుల మీద ఆసక్తి ఉంటేనే నాలుగు, ఆరు ఛానెళ్ల దాకా ఆలోచించండి.

ఖరీదైన సెట్ల ప్రకటనల్లో ప్రతిస్పందన వేగం గురించి ఎక్కువగా చెబుతారు. అందులో నిజం ఉంది. సర్వోకు ఆదేశం 1 నుంచి 2 మిల్లీసెకన్ల వెడల్పు గల పల్స్ రూపంలో వెళ్తుంది, 1.5 అంటే మధ్య. మామూలు పద్ధతిలో ఆ పల్స్ సుమారు ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఆ 20 మిల్లీసెకన్లలో దాదాపు 28 సెంటీమీటర్లు ముందుకు పోతుంది, అదే వ్యవధి 5 మిల్లీసెకన్లయితే 7 సెంటీమీటర్లు. పోటీల్లో మలుపు అంచును పట్టుకుని పోయేవారికి ఈ తేడా చేతికి తెలుస్తుంది, మైదానంలో సరదాగా నడిపేవారికి తెలియదు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: ఆ వేగవంతమైన మోడ్‌లు డిజిటల్ సర్వోల కోసం ఉద్దేశించినవి. మీ కారులో ఉన్న పాత అనలాగ్ సర్వోతో అలాంటి మోడ్ ఎంచుకుంటే అది వేడెక్కి పాడవుతుంది, కాబట్టి ట్రాన్స్‌మిటర్ మెనూలో నార్మల్ లేదా అనలాగ్ అని ఉన్నదే పెట్టండి.

ఫెయిల్‌సేఫ్‌ను సెట్ చేయకుండా కారును ఒక్కసారి కూడా నేల మీదకు దించకండి. సంకేతం పోయినప్పుడు గ్యాస్‌ను ఏ స్థితిలో ఉంచాలో రిసీవర్‌కు ముందే నేర్పడమే ఫెయిల్‌సేఫ్. కొన్ని రిసీవర్లు ఏమీ నేర్పకపోతే చివరి ఆదేశాన్నే పట్టుకుని ఉంటాయి, అంటే పూర్తి వేగంతో పోతున్న కారు అలాగే పోతుంది. గ్యాస్‌ను న్యూట్రల్‌లో గానీ కొద్దిపాటి బ్రేక్‌లో గానీ ఉంచి సెట్ చేయండి. అయితే క్రాలర్ల కోసం చేసిన స్పీడ్ కంట్రోలర్లలో వెనక్కి లాగిన ట్రిగ్గర్‌కు బ్రేక్ లేకుండా వెంటనే రివర్స్ పడుతుంది, అలాంటి వాటికి బ్రేక్ స్థితి నేర్పితే కారు వెనక్కి పరుగెత్తుతుంది, అక్కడ న్యూట్రలే సరైనది. సెట్ చేశాక చక్రాలు గాలిలో ఉంచి, కొద్దిగా గ్యాస్ ఇస్తూ ట్రాన్స్‌మిటర్‌ను ఆపేయండి. చక్రాలు ఆగితేనే పని పూర్తయినట్టు. ఈ పరీక్ష తప్ప మిగతా అన్ని వేళలా ట్రాన్స్‌మిటర్‌ను ముందు ఆన్ చేసి చివర ఆపడం అలవాటు చేసుకోండి. మీ మిత్రుడిది ఇంధనంతో నడిచే నైట్రో కారు అయితే ఆయనకు ఒక మాట చెప్పండి: రిసీవర్ బ్యాటరీయే చచ్చిపోతే ఏ ఫెయిల్‌సేఫ్ సర్వోను కదపలేదు, అందుకే కార్బురేటర్‌ను మూసే రిటర్న్ స్ప్రింగ్ తప్పనిసరి.

చివరగా యాంటెనా. 27 మెగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 11 మీటర్లు, అందులో పావు వంతు తీగను కారులో పెట్టడం కుదరదు కాబట్టి, సుమారు అర మీటరు తీగతో సరిపోయేలా రిసీవర్ లోపలి సర్క్యూట్‌ను శ్రుతి చేశారు. ఆ తీగను కత్తిరిస్తే శ్రుతి తప్పి, అందుకునే దూరం తగ్గుతుంది. మిగిలిన తీగను చుట్ట చుట్టి లోపల కుక్కినా అంతే, ప్లాస్టిక్ గొట్టంలోంచి పైకి తీసి, మిగిలినది గొట్టం బయట వదులుగా జారవిడవండి. 2.4 రిసీవర్‌లో సంకేతాన్ని అందుకునేది తీగ చివర కవచం ఒలిచిన సుమారు 31 మిల్లీమీటర్ల ముక్క మాత్రమే, మిగతా పొడవంతా సంకేతాన్ని మోసుకొచ్చే కేబుల్. ఆ ముక్కను కార్బన్ ఫైబర్ పలకకు, బ్యాటరీకి, మోటారు తీగలకు దూరంగా, గొట్టంలో నిటారుగా నిలపాలి. దెబ్బ తగిలి ఆ చివర తెగితే కంగారు పడనక్కర్లేదు. కేబుల్ పై పొరను, దాని కింద ఉండే లోహపు జాలీని 31 మిల్లీమీటర్ల మేర జాగ్రత్తగా ఒలిచి, లోపలి తెల్లటి పొరను గీత పడకుండా అలాగే ఉంచితే యాంటెనా మళ్లీ పనిచేస్తుంది. ఆ తరువాత మిత్రుడు కారును ట్రాక్ చివర చక్రాలు నేలకు తగలకుండా పట్టుకుని నిలబడితే, మీరు ఇవతలి నుంచి స్టీరింగ్ తిప్పుతూ ఒకసారి దూరం సరిచూసుకోండి.